నలుగురిని కొలిచేదెవరు?

ఆంధ్రప్రదేశ్ విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2001 ఫిబ్రవరిలో జనాభా లెక్కల మాస్టారు మా ఇంటికి వచ్చారు. అంత పొడుగు కాగితం అరుగు మీద పరుచుకుని, పేర్లు, వయసులు, చదువులు ఒక్కొక్కటే రాసుకుంటున్నారు. నేను లోపలి గదిలో ఉన్నాను. నాకప్పుడు ఇరవై ఏళ్లు. చివరికి ఆయన, "ఇంట్లో వికలాంగులెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగారు. అమ్మ ఏమాత్రం తడుముకోకుండా "లేరండీ" అంది. నా ఎడమ కాలికి పోలియో. గోడకు ఆనించిన, నేను కాలికి కట్టుకుని నడిచే క్యాలిపర్ ఆయన కూర్చున్న చోటికి కనపడుతూనే ఉంది. చూశారో, చూసీ ఊరుకున్నారో గాని, అమ్మ చెప్పిందే రాసుకుని వెళ్లిపోయారు.

ఆ వారంలోనే చెల్లికి సంబంధం మాట్లాడుతున్నారు. పెళ్లిచూపుల నాటికి నన్ను పొదిలి దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊరు పంపించారు. బస్సెక్కించేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నాకేం లేదమ్మా, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు" అంది. ఆ ఏటి లెక్కల్లో దేశం మొత్తం మీద 2.19 కోట్ల మంది వికలాంగులని తేలింది. ఆ 2.19 కోట్లలో నేను లేను.

అయ్యా, నేనిప్పుడు ఒక డిగ్రీ కళాశాలలో సోషియాలజీ చెబుతున్నాను. ఈ ఉత్తరం పింఛను కోసం కాదు. ర్యాంపు కోసం కూడా కాదు. ర్యాంపుల గురించి మీకు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు రాస్తూనే ఉండాలి. అమ్మ చెప్పిన ఆ "నలుగురి" గురించి రాస్తున్నాను. వాళ్ల మీద పరిశోధన చేయించమని అడగడానికి.

సామాజిక కట్టుబాటు అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది. ఒక మనిషి తన మనసులో ఏమనుకుంటున్నాడన్నది ఒకటి. పక్కవాళ్లు ఏమనుకుంటారని అతను అనుకుంటున్నాడన్నది ఇంకొకటి. మనుషుల్ని నడిపించేది చాలాసార్లు రెండోదే. అమ్మ ఇదంతా ఒక్క ముక్కలో చెప్పేసింది: "నాకేం లేదమ్మా, నలుగురూ..."

చెల్లి సంబంధం కుదిరింది. పెళ్లికి నాలుగు రోజుల ముందు నా సంగతి మగపెళ్లివారికి తెలిసిపోయింది. ఇంట్లో అందరి ముఖాలూ పాలిపోయాయి. వియ్యపురాలు వచ్చి కూర్చుని, కాసేపు చీర చెంగు నలుపుకుని, తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. పెళ్లికొడుకు చిన్నాన్నకు పుట్టుచెవుడట. మేము చూస్తామని ఆయన్ని పెళ్లిచూపులకు తీసుకురాలేదట. రెండిళ్లూ ఒకదానికొకటి భయపడి చెరో మనిషినీ దాచుకున్నాయి. ఆ రోజు మా ఇంట్లో నవ్విన నవ్వు నాకింకా వినపడుతూనే ఉంది. ఆ చిన్నాన్నా నేనూ తర్వాత మంచి స్నేహితులమయ్యాం. ఆయన సైగలు కొన్ని నేర్పారు. అందులో వియ్యపురాలిని వెక్కిరించే సైగ ఒకటుంది, అది ఇక్కడ వద్దు.

ఇలాంటిదాన్ని కొలవగలమా అని మీ శాఖలో ఎవరైనా అడగవచ్చు. కొలిచారు. సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో దాదాపు 500 మంది పెళ్లయిన యువకులను కొందరు ఆర్థికవేత్తలు రెండు ప్రశ్నలడిగారు. ఆడవాళ్లు ఇల్లు దాటి ఉద్యోగం చేయడం మీకు సమ్మతమేనా? మీ చుట్టుపక్కల వాళ్లలో ఎంతమందికి సమ్మతమనుకుంటున్నారు? ఎక్కువమంది తమకు సమ్మతమే అన్నారు. మిగతావాళ్లు మాత్రం ఒప్పుకోరని అనుకున్నారు. అంటే ప్రతివాడూ లేని నలుగురికి భయపడుతున్నాడు. ఆ తర్వాత కొందరికి అసలు లెక్క చెప్పేశారు. చెప్పించుకున్నవాళ్లు తమ భార్యల పేర్లు ఉద్యోగాల కోసం ఎక్కువగా నమోదు చేయించారు. కొన్ని నెలలకు వెళ్లి చూస్తే ఆ ఆడవాళ్లు దరఖాస్తులు పెట్టడం కూడా పెరిగింది. ఒక్క అంకె చెప్పినందుకు అంత మార్పు. అది 2020లో అచ్చయిన అధ్యయనం. వికలాంగుల పెళ్లిళ్ల విషయంలో, అద్దె ఇళ్ల విషయంలో, బడిలో పక్క సీటు విషయంలో మన జిల్లాల్లోని నలుగురు నిజంగా ఏమనుకుంటున్నారో, ఏమనుకుంటారని ఒకరి గురించి ఒకరు అనుకుంటున్నారో మనం ఎందుకు అడగకూడదు? మా చెల్లి పెళ్లిలో బయటపడ్డట్టే లోపల సగం భయం ఉత్తదే కావచ్చు. కాకపోనూవచ్చు. అదే తేలాలి.

ప్రభుత్వం కొలవలేదని అనను. నన్ను బాగానే కొలిచింది. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో నా కాలు పొడవు టేపు పెట్టి చూశారు, మోకాలు ఎంతవరకు మడుస్తుందో చూశారు, కండ ఎంత సన్నబడిందో చూశారు. పర్సంటేజీ వేశారు. క్యూలో నిలబడ్డవాళ్లం ఇంటర్ మార్కుల్లా చెప్పుకున్నాం: "నాకు అరవై, నీకెంత?" ముప్పై ఎనిమిది వచ్చిన ఒకాయన ఫెయిలైన పిల్లాడిలా మెట్ల మీద కూర్చుండిపోయాడు. నలభై వస్తే వికలాంగుడు, ముప్పై తొమ్మిదైతే కాదు. 2009-10 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం సదరం తెచ్చినప్పుడు అది దేశానికే కొత్త. దళారుల చేతుల్లోంచి సర్టిఫికెట్‌ను కంప్యూటర్‌లోకి మార్చిన పని, మంచి పనే. అయితే అది కొలిచేది నా శరీరాన్ని. నాకు ఇల్లు అద్దెకివ్వని యజమానికి పర్సంటేజీ ఎంతో ఏ క్యాంపులోనూ తేలలేదు. "మెట్లెక్కలేవు కదమ్మా, నీ మంచికే చెబుతున్నా" అన్నాడాయన. ఆ వాటా కింది అంతస్తులోదే.

"నీ మంచికే" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే పరిశోధన తప్పుదారి పట్టేది సరిగ్గా ఇక్కడే.

చెల్లి పెళ్లిలో పెళ్లికూతురి అక్కగా హారతి పళ్లెం పట్టాల్సింది నేను. పిన్ని కూతురి చేతికిచ్చారు. నాకు ఫ్యాను కింద మంచి కుర్చీ వేసి, కూల్‌డ్రింకు చేతిలో పెట్టి, "నీకెందుకమ్మా శ్రమ, నువ్విక్కడ చల్లగా కూర్చో" అన్నారు. అంతకన్నా ప్రేమగా ఎవరూ ఎవరినీ పక్కన కూర్చోబెట్టలేరు. ఇప్పుడు ఏ సర్వేవారో మా పిన్ని దగ్గరికెళ్లి "వికలాంగులకు సమాన అవకాశాలుండాలా?" అని అడిగితే ఆమె ఏం చెబుతుంది? "ఉండాలి నాయనా, పాపం" అంటుంది. ఆ జవాబు పట్టుకుని మన జిల్లాలో తొంభై శాతం మందిది మంచి దృక్పథమని నివేదిక రాసుకోవచ్చు. ఆ "పాపం" అన్న మాట ఏ గడిలోనూ పట్టదు. వెలివేత తిట్టులా వస్తే కనపడుతుంది, దయలా వస్తే కనపడదు. కాబట్టి అభిప్రాయం అడిగి ఊరుకుంటే లాభం లేదు. పెళ్లిలో హారతి ఎవరిచ్చారు, పొదుపు సంఘం లీడరెవరు, గ్రామసభలో ఎవరు లేచి మాట్లాడారు, చావింటికి ఎవరిని తీసుకెళ్లారు, ఎవరిని ఇంటికి కాపలా పెట్టి వెళ్లారు, ఇవి చూడాలి. చూడటానికి నెల కాదు, రెండేళ్లు పడుతుంది. అంత ఓపికకు డబ్బు పెట్టమని నేను అడుగుతున్నది.

కటువుగా వచ్చే జవాబులూ ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు 2007లో భారతదేశంలోని వికలాంగుల మీద ఒక పెద్ద నివేదిక వేసింది. దానికోసం ఉత్తరప్రదేశ్, తమిళనాడు పల్లెల్లో అడిగితే, దాదాపు సగం కుటుంబాలు వైకల్యం ఎప్పుడూ, లేదా చాలావరకు, దేవుడి శాపమే అన్నాయి. మన దగ్గర అడిగితే ఏమంటారు? "కర్మ" అనే మాట ఎన్నిసార్లు వస్తుంది, "మేనరికం" అనే మాట ఎన్నిసార్లు, "నీళ్లు" అనే మాట ఎన్నిసార్లు?

నీళ్లంటే గుర్తొచ్చింది. మళ్లీ పెద్దమ్మ ఊరికే వెళ్లాలి.

నన్ను దాచిపెట్టడానికి పంపిన ఆ ఊళ్లో అప్పట్లో బోరు నీళ్లే తాగేవాళ్లు. ఫ్లోరైడు నీళ్లు. పిల్లలకు పళ్లు గారపట్టి ఉండేవి. నలభై దాటినవాళ్లు చాలామంది నడుము వంచుకుని, పక్కకు చూడాలంటే మెడ తిరగక మనిషి మొత్తం తిరిగేవాళ్లు. పెద్దమ్మ కింద కూర్చుంటే లేపడానికి ఒక మనిషి కావాలి. నేను క్యాలిపర్ పెట్టుకుని వీధిలో నడిచిన మొదటి రోజు, నా వెనక ఎవరూ తిరిగి చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక నాకది మొదటిసారి. రచ్చబండ ఎత్తు తక్కువగా కట్టారు, మోకాళ్లు వంగనివాళ్లు ఊరికే ఆనుకుని నిలబడటానికి పక్కన ఒక అడ్డకర్ర కూడా పాతారు. ఏ ఇంజనీరూ చెప్పలేదు, ఏ చట్టమూ చెప్పలేదు. ఊరికి అవసరమైంది, ఊరు పెట్టుకుంది. నలుగురూ ఒకలాగే ఉన్నచోట నలుగురి భయం లేదు. నేను వారం రోజులకని వెళ్లి నెలన్నర ఉన్నాను.

ఆ ఊరి పొలిమేర దాటితే మాత్రం సంగతి మారిపోయేది. "ఆ ఊరికి పిల్లనివ్వం" అనేవాళ్లు చుట్టుపక్కల. ఆ ఊరి ఆడపిల్ల సంబంధానికి వెళితే ముందు నవ్వమనేవాళ్లు, పళ్లు చూడటానికి. అంటే ఊరే వికలాంగురాలైపోయింది.

పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండగా, 1937లో వైద్యులు అక్కడి పల్లెల్లో ఎముకల ఫ్లోరోసిస్ గురించి రాశారు. మన దేశంలో ఆ జబ్బు మీద వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికల్లో అదొకటి. అప్పట్నుంచి దాదాపు 90 ఏళ్లు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న గీత వచ్చింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తీసే పద్ధతి వచ్చింది, దానికి నల్లగొండ పేరే పెట్టారు. నీళ్లు కొలిచారు, ఎముకలకు ఎక్స్‌రేలు తీశారు, పళ్ల మరకలకు గ్రేడులిచ్చారు. ఆ ఊళ్లకు ఆగిపోయిన పెళ్లిళ్లను ఎవరు లెక్కపెట్టారు? మంచినీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు పళ్లు తెల్లబడ్డాయి, మరి ఊరి పేరు మీది మరక పోయిందా? పెద్దమ్మ మనవరాలికి మొన్న సంబంధాలు చూసేటప్పుడు ఊరి పేరు బదులు మండలం పేరు చెప్పారు. ఇంతకన్నా మంచి పరిశోధనాంశం నా విద్యార్థులకు నేను చూపించలేను. అది మన గడప ముందే ఉంది.

ఇక లెక్కల సంగతి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 22,66,607 మంది వికలాంగులు తేలారు. అందులో ఇప్పటి మన రాష్ట్రానివి 12,19,785, తెలంగాణవి 10,46,822. తెలంగాణ జనాభాలో అది దాదాపు 3 శాతం. ఆ తర్వాత మూడేళ్లకు మహబూబ్‌నగర్ జిల్లాలో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కలిసి మూడున్నర వేల మందిని పరీక్షించాయి. "మీరు వికలాంగులా?" అని అడగలేదు. చూడటం, వినడం, నడవడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం చేసి బట్టలు వేసుకోవడం, మాట అర్థం కావడం, వీటిలో ఇబ్బంది ఏమైనా ఉందా, కొంచెమా, చాలానా, అసలు చేయలేరా అని అడిగారు. డాక్టర్ల పరీక్ష కూడా కలిపి చూశారు. 12.2 శాతం వచ్చింది. రెండు లెక్కల్లో నిర్వచనాలు వేరు, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి ఒకటి అబద్ధమనడం న్యాయం కాదు. అయినా మూడుకూ పన్నెండుకూ మధ్య ఉన్న ఆ ఖాళీలో చాలామంది అమ్మలు గుమ్మంలో నిలబడి "లేరండీ" అంటూ నాకు కనిపిస్తారు.

మా అమ్మకిప్పుడు డెబ్బై దాటింది. రెండు చెవులూ సరిగ్గా వినపడవు. మిషను కొనిచ్చాను. అది బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది. "పెట్టుకుంటే నలుగురూ చూస్తారే" అంటుంది. 2027 జనగణన వాళ్లు వచ్చి మళ్లీ అదే మాట అడిగితే, ఈసారి అమ్మ ధైర్యంగా నన్ను చూపిస్తుంది. తనను మాత్రం చెప్పుకోదు. కేంద్రం అడిగే ప్రశ్న మీ చేతిలో లేదు, నిజమే. రాష్ట్రం విడిగా ఒక నమూనా సర్వే చేయించుకోవడం మీ చేతిలో ఉంది. ఇబ్బందిని అడగండి, ముద్రను అడగవద్దు. ఇంటి యజమానిని కాదు, ఆ మనిషినే, విడిగా కూర్చోబెట్టి అడగండి. వినపడనివారి దగ్గరికి సైగభాష తెలిసినవారిని పంపండి.

పింఛను కోసం రాయడం లేదన్నాను గాని, దాని గురించి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. 2024లో మీ ప్రభుత్వం వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలు చేసింది. ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం వాళ్లు గుమ్మంలోకి తెచ్చిస్తున్నారు. దానివల్ల ఇంట్లో మనిషి విలువ మారింది. మా వీధిలో ఒక అబ్బాయికి బుద్ధిమాంద్యం. అదివరకు వదిన అతనికి పెరట్లో పళ్లెం పెట్టేది. ఇప్పుడు వంటింట్లో కూర్చోబెడుతోంది. కొందరు దీన్ని "డబ్బు మీది ప్రేమ" అని తీసిపారేస్తారు. నేను పారేయను. డబ్బు గౌరవాన్ని తెస్తుందా, ఎంతకాలం నిలుస్తుంది, ఎవరి ఇంట్లో తెస్తుంది, ఎవరి ఇంట్లో ఆ డబ్బు ఇంకొకరి జేబులోకి పోతుంది, ఇదంతా దేశంలో ఎవరికన్నా మనమే ముందు చెప్పగలిగిన సంగతి.

అదే సమయంలో ఇంకొకటీ జరిగింది. 2025లో పింఛన్ల పునఃపరిశీలన పెట్టారు. ఆగస్టులో చాలామందికి నోటీసులు వచ్చాయి. అనర్హులను తీసెయ్యడం ప్రభుత్వం పనే, కాదనను. అయితే ఆ నెలల్లో వీధి చూపు మారిపోయింది. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లనూ, పైకి ఏమీ కనపడని జబ్బుల వాళ్లనూ టీకొట్టు దగ్గర "వాడు బాగానే నడుస్తున్నాడుగా" అనడం మొదలైంది. నన్ను కూడా ఒకాయన, క్యాలిపర్ చీర కింద కనపడక, "మీది ఒరిజినలేనా మేడమ్?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. ప్రభుత్వం ఒక నోటీసు పంపితే అది ఒక ఇంటికే వెళ్లదు, వీధి అంతా చదువుతుంది. నలుగురికి నేర్పేవాళ్లలో ప్రభుత్వం కూడా ఒకటి. ఈ సంగతి కూడా పరిశోధనలో రావాలంటే, ఆ పరిశోధన మీ శాఖను కూడా ప్రశ్నించగలిగినంత స్వతంత్రంగా ఉండాలి.

మీ శాఖ పేరు గురించి కూడా. ఒకప్పుడు అవిటివాళ్లం. తర్వాత వికలాంగులం. 2015 డిసెంబరులో ప్రధాని రేడియోలో దివ్యాంగులు అన్నారు, మరుసటేడు కేంద్ర శాఖ పేరు మారిపోయింది. ఇక్కడ విభిన్న ప్రతిభావంతులమయ్యాం. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ 2019లో మన దేశాన్ని సమీక్షించినప్పుడు "దివ్యాంగ్" మాట మీద అభ్యంతరాలున్నాయని రాసింది. పిలుపు ఇన్నిసార్లు మారింది గాని, మమ్మల్ని ఒక్కసారీ అడగలేదు. నాకు "వికలాంగురాలు" చాలు, మా సంఘంలో కొందరికి ఆ మాట గిట్టదు. "ప్రతిభావంతులు" అన్నప్పుడు మాత్రం నాకు అష్టావక్రుడు గుర్తొస్తాడు. ఎనిమిది వంకరల మనిషిని చూసి సభ నవ్వింది. ఆయన జ్ఞానంతో సభను గెలిచాడు, అప్పుడు ఆసనం ఇచ్చారు. (నవ్వినవాళ్లను తోలు చూసేవాళ్లని తిట్టాడు కూడా. తోలుపని చేసేవాళ్లు ఆయనకేం అపకారం చేశారో! మనలో ఒకరిమీది చిన్నచూపును ఇంకొకరిమీదికి తోసెయ్యడం అప్పట్నుంచీ ఉన్నదే.) జ్ఞానం లేని అష్టావక్రుడికి ఆ సభలో చోటు ఉండేదా? ప్రతిభ ఏమీ లేని, సాదాసీదా, బద్ధకస్తుడైన వికలాంగుడికి మీ శాఖ పేరులో చోటుందా?

మాట విషయంలో మిమ్మల్నొక్కరినే అనడం అన్యాయం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, కుంటిసాకు, పిచ్చోడి చేతిలో రాయి... ఇవన్నీ లేకుండా మనకు రోజు గడవదు. ప్రభుత్వాన్ని తిట్టాలంటే మా ధర్నాల్లో మేమే "గుడ్డి ప్రభుత్వం" అంటాం. పోయినసారి ఆ బ్యానర్ ఒక కొన పట్టుకున్నది చూపులేని మా మిత్రుడే. ఏమని రాసుందో అతనికి ఎవరూ చదివి చెప్పలేదు.

అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం, డిసెంబరు 3 దగ్గరికొస్తే భయమేస్తుంది నాకు. శాలువాలు, మూడు చక్రాల సైకిళ్లు, ముఖ్య అతిథి రెండు గంటల ఆలస్యం, అంతవరకూ ఎండలో మేము. ఈ మధ్య కొత్తగా కళాశాలల పిల్లలకు కళ్లకు గంతలు కట్టి నడిపిస్తున్నారు, మా బాధ తెలియడానికట. ఇలాంటి అనుకరణ ఆటలు ఆడించి చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2017లో వచ్చింది. ఆడినవాళ్లకు సానుభూతి, బెంగ పెరిగాయి గాని, వికలాంగులతో కలిసి మెలిసి ఉండే ధోరణి మెరుగుపడలేదు. పది నిమిషాలు గంతలు కట్టుకున్నవాడికి తెలిసేది గుడ్డితనం కాదు, కొత్తలో తడబడటం. పరిశోధన లేకుండా అవగాహన కార్యక్రమాలు పెడితే ఇలా మంచి అనుకుని జాలిని పెంచుతాం.

దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 28వ సెక్షన్ ప్రభుత్వాలు పరిశోధన చేయించాలని చెబుతోంది. 39వ సెక్షన్ సమాజంలో అవగాహన పెంచాలని చెబుతోంది, కుటుంబ జీవితం, సంబంధాలు, పిల్లల్ని కనడం, పెంచడంలో వికలాంగుల నిర్ణయాలకు గౌరవం కలిగించడం కూడా అందులో ఉంది. పరిశోధన ఉత్తదేనని ఎవరైనా అంటే హైదరాబాద్ వైపు చూపించండి. భవనాలూ బస్సులూ వికలాంగులకు అందుబాటులో ఉండాలన్న నిబంధనలు ఎలా అమలవుతున్నాయో అధ్యయనం చేయమని సుప్రీంకోర్టు అక్కడి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. వాళ్ల నివేదిక మీద ఆధారపడి 2024 నవంబరు 8న కోర్టు, అందుబాటును సలహాల స్థాయిలో వదిలేసిన, ఆ చట్టం కింది నియమావళిలోని 15(1) నిబంధన చెల్లదని తీర్పిచ్చింది. మెట్ల మీద పరిశోధనకు అంత బలముంటే, మనుషుల చూపు మీద పరిశోధనకు ఎందుకుండదు?

నేను కోరేది ఇది. మన విశ్వవిద్యాలయాల సమాజశాస్త్ర, మనస్తత్వశాస్త్ర, తెలుగు విభాగాలకు మీ శాఖ నుంచి దీర్ఘకాలపు గ్రాంటు ఇవ్వండి. తెలుగు విభాగం ఎందుకంటే, సామెతలూ పిలుపులూ ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో పట్టవు. ప్రతి బృందంలో వికలాంగులు పరిశోధకులుగా ఉండాలి, జీతం తీసుకుని. "సహకరించిన దివ్యాంగ సోదరులకు ధన్యవాదాలు" అన్న చివరి పేజీలో కాదు. ఉమ్మడి రాష్ట్రంలో పేదరిక నిర్మూలనకు పెట్టిన ఇందిర క్రాంతి పథం రోజుల్లో వికలాంగుల స్వయం సహాయక సంఘాలు, మండల సంఘాలు నడిపినవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఒక్క చీటీ లేకుండా వాళ్లు ఊరి సంగతి మొత్తం చెప్పగలరు. దళిత వాడలో వికలాంగురాలి బతుకూ, ఊరి నడుమ ఇంట్లో నా బతుకూ ఒకటి కావు. నన్ను దాచిపెట్టడానికి మాకు ఇంకొక గది ఉంది. ఆ తేడా కనపడేలా ఊళ్లు ఎంచుకోవాలి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల పిల్లల్ని మాత్రమే అడిగి రాకండి, పక్క తరగతి గదిలో కూర్చున్న మిగతా పిల్లల్ని అడగండి, ఆ కేంద్రంలో ఉన్న పిల్లాడి పేరేమిటని. ఎంతమంది చెప్పగలరో రాసుకోండి. ఫలితాలు తెలుగులో వేసి, పరిశోధన చేసిన ఊళ్లోనే చదివి వినిపించండి. మా వియ్యపురాలి కథ తేల్చినట్టు, నలుగురికి నలుగురి అసలు లెక్క చెప్పండి. ఏమవుతుందో చూద్దాం.

మాది పోలియో చివరి తరం. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు నమోదు కాలేదు. నా క్యాలిపర్ చేసిచ్చిన ముసలాయన, "ఇంకో ఇరవై ఏళ్లకు ఇది చేసేవాడూ ఉండడు, పెట్టుకునేవాళ్లూ ఉండరు" అన్నాడు. ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చేది షుగరు వచ్చి కాలు తీయించుకున్నవాళ్లు, బైకు ప్రమాదాల కుర్రాళ్లు. నిన్నటిదాకా ఆ నలుగురిలో ఉన్నవాళ్లు. వాళ్లను అడిగితే రెండు వైపులా ఎలా ఉంటుందో చెప్పగలరు. బృందంలో ముందు వాళ్లను చేర్చుకోండి.

దీని మీద మాట్లాడటానికి పిలిస్తే వస్తాను. మా సంఘం మిత్రులు నలుగురూ వస్తారు, వారిలో ఒకరిది చక్రాల కుర్చీ, ఒకరికి సైగభాష దుబాసీ కావాలి. సమావేశం పై అంతస్తులో పెట్టేటట్లయితే లిఫ్టు పని చేస్తోందో లేదో ముందు రోజే చెప్పించండి.

ఇట్లు,
ఒంగోలు నుంచి,
ఒక సోషియాలజీ అధ్యాపకురాలు